విద్యుత్ కారు ఛార్జరు పెట్టెలో నేమున్నది?

తిరుపతినుండి తిరుమల కొండకు 2022వ సంవత్సరమునుండి విద్యుత్ బస్సులు నడచుచున్నవి. తిరుచానూరు వీథులలో విద్యుత్ ఆటోలును, కార్లును కానవచ్చుచున్నవి. ఇట్టి కార్లు కొన్నవారిలో పలువురియొద్ద చేసంచిలో పట్టునంతటి పెట్టె యొకటి యుండును. దాని కొకవైపున ఇంటి ప్లగ్గును, మఱియొకవైపున కారునకు తగిలించు పెద్ద పిడియు నుండును. జనులు దీనిని ఛార్జరనుచున్నారు. మోటారు స్టార్టరులో నేమున్నదో యెఱిగిన మన రైతులు దీని సంగతియు తెలిసికొనుట మేలు. తీగ తెగి పనికిరాకపోయిన యట్టి పెట్టె నొకదానిని మేము విప్పి చూచితిమి. పనిచేయుచున్న పెట్టెను మాత్రము ఎవ్వరును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను కెపాసిటరులలో కొంతసేపు విద్యుత్తు నిలిచియుండును.

మరలు తీసి మూత నెత్తగా మొదట తెలియు వింత యేమనగా, ఛార్జరని పేరు గల యీ పెట్టెలో ఛార్జరు లేదు. బ్యాటరీకి వలసినది ఏకముఖ విద్యుత్తు. మన యింటికి వచ్చునది ద్విముఖ విద్యుత్తు. దీనిని దానిగా మార్చు యంత్రము కారులోనే యున్నది. మఱి యీ పెట్టె చేయు పని యేమి? చెరువు తూమునొద్ద నీరుగట్టి చేయు పనియే. నీరుగట్టి నీటిని పుట్టింపడు. ఎప్పుడు వదలవలెనో, ఎంత వదలవలెనో, ఎప్పుడు ఆపవలెనో చూచును.

పెట్టెలో ముఖ్యమైన భాగములు నాలుగు. మొదటిది రిలే. ఇది తూము తలుపు వంటిది. రెండవది పెట్టెయొక్క సొంత పనికై 230 వోల్టులను 12 వోల్టులకు దించు చిన్న భాగము. మూడవది గోరంత చిప్పు. ఆలోచన యంతయు దీనిదే. నాలుగవది యొక వలయము. దీని సంగతి ముందు చెప్పెదము.

పిడిని కారునకు తగిలింపగనే విద్యుత్తు పాఱదు. చిప్పు సన్నని తీగ వెంట 12 వోల్టులు పంపును. కారు తగిలినచో అది 9 వోల్టులకు తగ్గును. కారు సిద్ధమైనచో 6 వోల్టులకు దిగును. అప్పుడే రిలే టక్కుమని మూసికొని విద్యుత్తును వదలును. అంతియేకాక, ఆ తీగలోని సంకేతము సెకనునకు 1000 మారులు పైకి లేచి క్రిందికి దిగుచుండును. అది పైనుండు కాలము నూటికి 27 పాళ్లకు చేరువైనచో 16 ఆంపియర్లును, 17 పాళ్లకు చేరువైనచో 10 ఆంపియర్లును తీసికొనవచ్చునని కారునకు తెలియును.

10 ఆంపియర్లనగా గంటకు 2 యూనిట్లకు పైచిలుకు. 30 యూనిట్లు పట్టు బ్యాటరీ నిండుటకు 13 గంటలకు తక్కువ కాదు. ఇది దాదాపు 3 హార్సుపవరు మోటారు రాత్రియంతయు నడచుటతో సమానము. కావున వదులైన సాకెట్టు, సన్నని తీగ, చుట్టగా చుట్టిన ఎక్స్‌టెన్షను తీగ వేడెక్కి అంటుకొనగలవు.

ఇక వలయము. పోవు తీగయు, వచ్చు తీగయు రెండును దీని నడుమగా పోవును. పోయినంత విద్యుత్తు తిరిగి వచ్చినచో వలయము ఊరకుండును. కొంత మనుష్యుని దేహముగుండ నేలకు పోయినచో లెక్క తప్పును. ఆంపియరులో వెయ్యింట 30 పాళ్లు తప్పినను రిలే తెరచుకొని విద్యుత్తు ఆగిపోవును.

మూడవ తీగయైన ఎర్తు మాత్రము ఈ వలయముగుండ పోదు. రిలే దానిని తెంపదు. అది నేరుగ కారు శరీరమునకు చేరును. ఇక్కడనే ప్రాణాపాయ మున్నది. ఎర్తు లేని యింట ఇట్టి పెట్టెలు పలుమారు ఎఱ్ఱదీపము చూపి పనిచేయ నిరాకరించును. అప్పుడు కొందఱు సాకెట్టులో న్యూట్రల్‌ను ఎర్తుకు కలిపి పెట్టెను మోసగింతురు. దీపము పచ్చనగును, కారు నిండును. కాని యొకనాడు స్తంభమునుండి వచ్చు న్యూట్రల్ తెగినచో, ఇంటిలోని దీపము, ఫ్యానుగుండ వచ్చిన విద్యుత్తు ఎర్తు తీగ వెంట కారు రేకునకు చేరును. తడికాలితో తలుపు ముట్టినవాని గతి యేమి? వలయము దానిని చూడదు, రిలే తెరచినను ఆగదు. కావలివాని కండ్లకు గంతలు కట్టినది మనమే యగుదుము.

కావున సభ్యులు చేయవలసినది యిది. కారు కొనకమునుపే అనుమతి గల ఎలక్ట్రీషియనుచేత ఎర్తు గొయ్యి వేయించి కొలిపింపవలెను. మన యెఱ్ఱనేలలు వేసవిలో ఎండిపోవును గనుక గొయ్యిలో అప్పుడప్పుడు నీరు పోయవలెను. కారునకు ప్రత్యేకముగ 16 ఆంపియర్ల సాకెట్టును, దానికి దగిన తీగయు, మీటరు పెట్టెలో వేఱు బ్రేకరును ఉండవలెను. సేద్యపు మోటారుకై యిచ్చిన కనెక్షనునుండి కారునకు విద్యుత్తు తీయరాదు. ఎఱ్ఱదీపము వెలిగినచో పెట్టె చెడినదని తిట్టక, మొదట ఇంటి ఎర్తును చూపింపుడు. తూము మూసిన నీరుగట్టిపై కోపపడుటకు ముందు కట్ట తెగినదేమో చూచుట తెలిసిన రైతు లక్షణము.