ఉప్పుకు తోడు చక్కెర

ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో గ్లూకోజ్ ఎందుకని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒంట్లోకి సత్తువ రావడానికని. రుచి కోసమని ఇంకొందరు అంటారు. అసలు కారణం వేరే ఉంది. అది తెలిస్తే ప్యాకెట్‌ను చిటికెడు చిటికెడుగా గ్లాసులో కలిపే అలవాటు ఎవరైనా మానుకుంటారు.

విరేచనాల్లో నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. కలరా అయితే పేగు గోడే ఈ రెంటినీ బయటికి తోడిపోస్తుంది. ఉత్త నీళ్లు ఎన్ని తాగించినా పోయిన ఉప్పు తిరిగి రాదు, ఆ నీళ్లూ సరిగ్గా ఒంటబట్టవు. పేగులో నీరు ఉప్పు వెంటే నడుస్తుంది. మరి ఉప్పును లోపలికి తెచ్చేదెవరు?

చిన్నపేగు కణాల మీద ఒక వాకిలి ఉంది. ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ కలిసి వస్తేనే అది తెరుచుకుంటుంది. ఈ జంట ప్రయాణాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రాగ్ సదస్సులో వివరించాడు. కలరా విషం పేగును ఎంత అల్లకల్లోలం చేసినా ఈ వాకిలి జోలికి పోదు. లక్షల ప్రాణాలు నిలిచింది ఆ ఒక్క సందు వల్లే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన బొంగావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినే సోడా లెక్కన కలిపించి, డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. నర్సులు కూడా చాలని చోట తల్లులూ అన్నదమ్ములూ చేసిన వైద్యం అది. నా దృష్టిలో గత శతాబ్దపు వైద్యంలో ఇంతకన్నా గొప్ప ఘట్టం లేదు.

ఇప్పటి ప్యాకెట్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితో పాటు పొటాషియం, సిట్రేట్ లవణాలు ఉంటాయి. తీపి మోతాదు మించితే కథ తిరగబడుతుంది. పేగులో మిగిలిపోయిన చక్కెర ఒంట్లోని నీటిని తనవైపు లాక్కుని విరేచనాలను ఇంకా పెంచుతుంది. అందుకే కూల్‌డ్రింకులూ, డబ్బా పళ్లరసాలూ పనికిరావు. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాల మీద హైదరాబాదులో ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది.

లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్లలో కలపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పేసిన గంజి కూడా మంచిదే. అన్నంలోని పిండిపదార్థం పేగులో గ్లూకోజ్‌గా విడిపోయి అదే వాకిలి తెరుస్తుంది.

బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, మూత్రం ఆగినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో, ఈసారి ఇంకా మెల్లగా పట్టాలి.