వార్ధా నదిపై రైలు వంతెన

రామగిరి దుర్గమునకు ఉత్తరమున గోదావరి ప్రవహించుచున్నది. రామగుండమునుండి ఉత్తరమునకు పోవు రైలు ఆ నదిని దాటి మంచిర్యాల చేరును. ఆ వంతెన మన ప్రాంతమువారందరు ఎరిగినదే. అదే మార్గమున ఇంకను ముందుకు పోయినచో, మాణిక్‌గఢ్, బల్హార్షా స్టేషన్ల నడుమ వార్ధా నది అడ్డువచ్చును. అచ్చటి వంతెనను నేటి ప్రయాణికులు అంతగా గమనింపరు. కాని ఒకప్పుడు దానిని దాటుట యనగా ఒక రాజ్యమునుండి మరియొక రాజ్యమునకు పోవుటయే.

వార్ధాకు ఈవలనున్న రాజురా తాలూకా నిజాము రాజ్యములోనిది. ఆవలనున్న బల్హార్షా బ్రిటిషు పాలనలోని మధ్యపరగణాలలోనిది. ఈవల హాలీ సిక్కా చెల్లెడిది, ఆవల కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఇంచుమించు ఆరు కల్దారులకు సరి. తపాలా బిళ్ళలు వేరు. సరకులపై నిజాము ప్రభుత్వము కరోడ్‌గిరి అను సుంకమును వేరుగా వసూలు చేసెడిది.

ఇన్ని భేదములున్నను రైలు పట్టాల నడుమ వెడల్పు మాత్రము ఇరువైపుల ఒక్కటే: ఐదడుగుల ఆరంగుళములు. ఇది స్వల్ప విషయము కాదు. నిజాము రాజ్యములోనిదే యైన సికింద్రాబాదు–మన్మాడు మార్గమును మీటరు గేజిలో వేసిరి. అందువలన మన్మాడువద్ద సరకునంతయు దింపి, వేరు బండ్లకు మరల ఎక్కింపవలసి వచ్చెడిది. వార్ధావద్ద ఆ బాధ లేదు. 1929లో కాజీపేట–బల్హార్షా మార్గము పూర్తికాగానే మద్రాసునుండి నాగపురము మీదుగా ఢిల్లీకి నేరుగా దారి ఏర్పడినది. 1927లో త్రవ్వకము మొదలైన బెల్లంపల్లి గనులకును ఈ మార్గమే ఆధారమైనది. గనినుండి పైకి వచ్చిన బొగ్గు బండి దొరకనిచో గుట్టగా పడియుండుననుట గనిపనివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలిసినది. 1956 నవంబరు 1న రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు చేరినది. హాలీ సిక్కా చెలామణి 1959తో ముగిసినది. వార్ధామీదనున్న సరిహద్దు దక్షిణమునకు జరిగి, విరూరు, మాకుడి స్టేషన్ల నడుమకు వచ్చినది. నేడు వంతెన రెండు కొనలును ఒకే రాష్ట్రములో ఉన్నవి. ముప్పది ఏండ్లలో ప్రభుత్వములు, నాణెములు, ఎల్లలు మారినవి. రైలు నదిని దాటు చోటు మాత్రము మారలేదు.

ఆ వంతెన క్రింద పారు నీరు వైనగంగతో కలిసి ప్రాణహిత యగును. కాళేశ్వరమువద్ద మన గోదావరిలో చేరును. ఈ మారు ఉత్తరమునకు పోవు శ్రోతలు మాణిక్‌గఢ్ దాటిన పిమ్మట ఒక్క క్షణము కిటికీలోనుండి క్రిందికి చూతురుగాక.