బొమ్మలకు నడక నేర్పుదాం!

కేసముద్రం పిల్లలకు ఛోటా భీమ్‌ను కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. అలా కదిలే బొమ్మల్ని వాళ్లూ గీయగలరు. ఖరీదైన కంప్యూటర్ లేకపోయినా, ఇంట్లో ఉన్న ఫోన్‌తోనే మొదలుపెట్టగల విద్య ఇది. దాని విశేషాలు కొన్ని...

★ సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. చేత్తో గీసేవాళ్లు తరచూ ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపి, 12 బొమ్మలతోనే సెకను నడిపిస్తారు. నిమిషానికి 720 బొమ్మలన్నమాట. కొత్తవాళ్లు మూడు సెకన్లతో, అంటే 36 బొమ్మలతో మొదలుపెడితే చాలు.

★ చేత్తో గీసిన తొలి కార్టూన్ చిత్రంగా పేరున్న ‘ఫాంటస్మగోరీ’ 1908లో వచ్చింది. ఫ్రాన్స్ కళాకారుడు ఎమిల్ కోల్ దానికోసం సుమారు 700 బొమ్మలు గీశాడు. చూస్తే రెండు నిమిషాల్లోపే అయిపోతుంది. అందులో మనుషులంతా సన్నటి గీతలే! బొమ్మలు బాగా గీయడం రాదని వెనకాడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

★ బొమ్మల వరుసతో కథ చెప్పడం మనకు తరతరాలుగా తెలుసు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండిన చేర్యాలలో నకాషీ కళాకారులు ఖాదీ బట్టకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి, గడులు గడులుగా కథ గీసేవారు. కొన్ని పటాలు 40 అడుగులు దాటేవి. కథకులు ఒక్కో గడినీ చూపిస్తూ పాడేవారు. ఇవాళ యానిమేషన్‌కు ముందు గీసుకునే స్టోరీబోర్డులోనూ కథ ఇలా గడుల్లోనే సాగుతుంది.

★ తోలుబొమ్మకు తల, చేతులు, కాళ్లు విడివిడిగా కత్తిరించి కీళ్ల దగ్గర కడతారు. కటౌట్ యానిమేషన్‌లోనూ అంతే. ఒక్కో భాగాన్ని ఒకసారి గీసుకుంటే చాలు, తర్వాత కదపడమే. జర్మనీ కళాకారిణి లోటే రైనిగర్ 1926లో నీడబొమ్మలతో తీసిన ‘ప్రిన్స్ అఖ్మద్’ కథే నేటికీ మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాల్లో అతి పాతది.

★ యాప్‌లలో ‘ఆనియన్ స్కిన్’ అనే సదుపాయం ఉంటుంది. ముందు గీసిన బొమ్మ లీలగా కనిపిస్తుంది. దాన్ని చూసుకుంటూ తర్వాతి బొమ్మను కాస్త జరిపి గీయాలి.

★ కేసముద్రం స్టేషన్ కాజీపేట–విజయవాడ మార్గంలో ఉంది. అక్కడ కాసేపు నిలబడితే యానిమేషన్‌లో ముఖ్యమైన పాఠం దొరుకుతుంది. ఆగబోయే రైలును గీయాలంటే, స్టేషన్ దగ్గరపడేకొద్దీ ఒక బొమ్మకూ మరో బొమ్మకూ ఎడం తగ్గించాలి. ఆగకుండా దూసుకుపోయే రైలుకు ఎడం ఎక్కువగా, సమానంగా ఉండాలి. వేగం తెలిసేది ఆ ఎడంలోనే.

★ ఫోన్‌లో ‘ఫ్లిపాక్లిప్’తో వేలితోనే గీయొచ్చు. కంప్యూటర్ ఉంటే ‘పెన్సిల్2డి’, ‘క్రిటా’ పూర్తిగా ఉచితం. జపాన్‌లోని స్టూడియో జిబ్లీ వాడిన ‘టూంజ్’ సాఫ్ట్‌వేర్ ఆధారంగా రూపొందిన ‘ఓపెన్‌టూంజ్’ 2016 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతోంది.

★ 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా ‘ఫ్లో’ను ‘బ్లెండర్’లో తయారుచేశారు. అదీ ఉచిత సాఫ్ట్‌వేరే. అందులోని ‘గ్రీజ్ పెన్సిల్’తో చేత్తో గీసిన బొమ్మల్నీ కదిలించొచ్చు.

★ ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లోనే. రాజీవ్ చిలక 2001లో మొదలుపెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ దాన్ని రూపొందించింది. 2008లో టీవీకెక్కింది. 2006 నాటి తెలుగు యానిమేషన్ చిత్రం ‘కిట్టు’కు జాతీయ అవార్డు దక్కింది.

★ మనిషి మామూలుగా నడిచేటప్పుడు ఒక్కో అడుగుకు అర సెకను పడుతుందనుకుని గీస్తారు. అంటే ఆరు బొమ్మలకు ఒక అడుగు, పన్నెండుకు రెండు. ఆ పన్నెండునే తిప్పి తిప్పి చూపిస్తే మీ బొమ్మ ఎంత దూరమైనా నడుస్తుంది!

పెద్దలకో మాట: పిల్లలు ఫోన్ అడిగితే, వీడియోలు చూసే సమయంలో కొంత గీయడానికి కేటాయించండి. పిల్లలూ, ఈ ఆదివారమే ఆ పన్నెండు బొమ్మలూ గీయండి. గీతల మనిషి రెండడుగులు వేశాడంటే మీకు యానిమేషన్‌లో ఓనమాలు వచ్చినట్టే.