కొన్నాళ్లు కాలేజీ, కొన్నాళ్లు కార్ఖానా

ఒడ్డున కూర్చున్నవాడికి ఈత రాదు. ఈ మాట లక్సెట్టిపేట పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు, గోదావరి పక్కనే పారుతున్నది. ఇంజనీరింగు చదువు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఈ చిన్న సంగతి మనకు గుర్తుండదు. నాలుగేళ్లు కాగితం మీద బాయిలరు బొమ్మ గీసిన కుర్రవాడు, పట్టా పుచ్చుకుని నిజమైన బాయిలరు ముందుకు వచ్చి తెల్లబోతున్నాడు. తప్పు అతనిది కాదు. అతన్ని నీళ్లలోకి దింపినవారు లేరు.

ఈ చిక్కును విప్పబూనినవాడు హెర్మన్ ష్నైడర్ అనే అమెరికా ఆచార్యుడు. చదువు ఖర్చులకోసం బయట పనిచేసిన విద్యార్థులకు పాఠాలు కూడా బాగా ఒంటబడుతున్నాయని ఆయన గమనించాడు. 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 27 మందితో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. విద్యార్థులను జంటలు చేశాడు. ఒకడు తరగతిలో ఉన్న వారం రెండోవాడు కార్ఖానాలో ఉంటాడు, మరుసటి వారం ఇద్దరూ స్థానాలు మార్చుకుంటారు. యజమానికి మనిషి లోటు లేదు, పిల్లవాడికి కూలి డబ్బులు దక్కుతాయి. ఏడాదిపాటు చూద్దామని పెద్దలు ఒప్పుకున్న ఆ ఏర్పాటు నూరేళ్లు దాటినా నిలిచే ఉన్నది.

దీనికి కో-ఆపరేటివ్ విద్య అని పేరు. మన పరపతి సంఘాలకూ దీనికీ చుట్టరికం లేదు. ఇక్కడ సహకరించుకునేది కాలేజీ, కార్ఖానా. 1957లో కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం ఈ పద్ధతి మీదనే పుట్టింది. ఇంగ్లండువారు దీన్ని ‘శాండ్‌విచ్’ కోర్సు అన్నారు. రెండు రొట్టెముక్కల నడుమ కూర పెట్టినట్టు, రెండు చదువుల నడుమ పని పెట్టడమన్నమాట.

మన దేశంలో పిలానీలోని బిట్స్ 1973లో ‘ప్రాక్టీస్ స్కూల్’ పేరిట ఇటువంటి ఏర్పాటే చేసింది. రెండో ఏడాది తర్వాత వేసవిలో సుమారు రెండు నెలలు, చివర ఐదున్నర నెలలు విద్యార్థి సంస్థలో పనిచేయాలి. అది కూడా చదువులో భాగమే, దానికి మార్కులున్నాయి. ఆ సంస్థ 2008లో హైదరాబాదుకూ వచ్చింది. మన పాలిటెక్నిక్ డిప్లొమాలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ పెట్టడం వెనుక ఉన్నదీ ఈ ఆలోచనే.

అప్రెంటిసు పద్ధతి వేరు. 1961 నాటి అప్రెంటిసుల చట్టంలోకి పట్టభద్రులను, డిప్లొమావారిని 1973లో చేర్చారు. సాధారణంగా అది చదువు ముగిసిన తర్వాత ఏడాది శిక్షణ. 2019 నిబంధనలు పట్టభద్రులకు నెలకు 9,000, డిప్లొమావారికి 8,000 రూపాయల కనీస స్టైపెండు నిర్ణయించాయి. మంచిదే. కానీ చదువు అయిపోయాక తెలిసిన లోటును పూడ్చుకోవడానికి మళ్లీ తరగతికి వెళ్లే వీలుండదు. నడుమన వెళ్లివచ్చినవాడికి ఆ వీలున్నది.

ఇక మన చుట్టూ చూడండి. లక్సెట్టిపేట 2016 దాకా ఆదిలాబాదు జిల్లాలో ఉండి, ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో చేరింది. అదే జిల్లాలో శ్రీరాంపూర్, మందమర్రి బొగ్గు గనులున్నాయి. జైపూర్‌లో 1,200 మెగావాట్ల సింగరేణి విద్యుత్ కేంద్రం ఉన్నది. గోదావరి దాటితే రామగుండం ఎన్.టి.పి.సి., 2021లో ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారం. ఇంతకన్న పెద్ద బడి ఎక్కడున్నది?

మాట వరసకు ఒక్క పాఠం చూద్దాం. పుస్తకంలో బొగ్గు వేడి ఎంతో ఒక అంకె ఇచ్చి లెక్క కట్టమంటారు. కేంద్రంలో ఆ అంకె ఎవరూ ఇవ్వరు. వానాకాలంలో తడిసిన బొగ్గు దారి మధ్యలో అతుక్కుని కదలనని మొరాయిస్తుంది. వచ్చినా, దానిలోని తడిని ఆర్పడానికే కొంత వేడి ఖర్చవుతుంది. ఈ సంగతి ఒక్క వానాకాలం అక్కడ గడిపినవాడు జన్మలో మరచిపోడు.

ఆడపిల్లలకూ ఈ దారి తెరుచుకుంటున్నది. 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భంలో పనికి దిగనిచ్చేది కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలలో పగటివేళ దిగవచ్చునన్నది. మైనింగు చదివే అమ్మాయికి గని ఇక పటంలోని గీతలు మాత్రమే కానక్కరలేదు.

అయితే అంతా తియ్యగా లేదు. గేటులోకి అడుగుపెట్టకుండానే డబ్బిచ్చి సర్టిఫికెట్టు తెచ్చుకునేవారున్నారు. శిక్షణ పేరిట పిల్లలచేత ఊరికే చాకిరీ చేయించుకునే యజమానులూ ఉన్నారు. అన్నిటికన్న పెద్ద చిక్కు పేదవాడిది. స్టైపెండు లేని శిక్షణకు పట్నం వెళితే గది అద్దె ఎవరిస్తారు? భోజనం ఎవరు పెడతారు? రైతు కొడుకు ఆ లెక్క చూసుకుని వెనకడుగు వేస్తాడు, కలిగినవాడి కొడుకు రైలెక్కుతాడు. కూలి ఇచ్చి నేర్పాలన్న ష్నైడర్ పద్ధతిలోని అసలు కీలకం ఇక్కడే ఉన్నది. డబ్బు తీసివేస్తే మిగిలేది సగం పద్ధతే.

అమెరికా వెళ్లే మన పిల్లలకు ఒక హెచ్చరిక. అక్కడ చదువు మధ్యలో చేసే ఇటువంటి పనికి సి.పి.టి. అనుమతి కావాలి. పూర్తికాలపు సి.పి.టి. పన్నెండు నెలలు నిండితే, అదే స్థాయి చదువు తర్వాత దొరికే ఓ.పి.టి. అవకాశం పోతుంది. నెలలు లెక్కపెట్టుకోండి.

కాలేజీలో చేర్చేముందు తలిదండ్రులు భవనాల ఎత్తు చూడడం కద్దు. ఈసారి మూడు ప్రశ్నలు అడగండి. మా పిల్లవాణ్ణి ఏ కార్ఖానాకు, ఎన్ని నెలలు పంపుతారు? అక్కడ అతనికి పని చెప్పేదెవరు? నెలకు చేతికి ఎంత ఇస్తారు? జవాబు నీళ్లు నమిలినట్టుంటే, మరో కాలేజీ గడప తొక్కడం మంచిది.