దూరం పెరిగింది, ప్రయాణం తగ్గింది

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు గ్లోబు మీద దారం లాగి పట్టుకుంటే అది ఆర్కిటిక్ మీదుగా పోతుంది. ఆ దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్లు పోతుంది కనుక పద్నాలుగు గంటల్లోపే చేరాలని లెక్క కట్టేస్తాం. ఈ లెక్కతో పని జరగదని 2016 అక్టోబరులో ఎయిరిండియా తీసుకున్న ఒక నిర్ణయం చూపించింది. అంతవరకు ఆ సంస్థ ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. దారి సుమారు 13,900 కిలోమీటర్లు, సమయం దాదాపు పదహారున్నర గంటలు. దాన్ని పసిఫిక్ వైపు మళ్లించేసరికి దారి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటలకు తగ్గింది.

ఈ అంకెలను భాగించి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అట్లాంటిక్ దారిలో సగటు వేగం గంటకు 840 కిలోమీటర్లు, పసిఫిక్ దారిలో 1,050కి పైనే. విమానం అదే, ఇంజన్లు అవే. తేడా అంతా గాలిది. నేలకు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం సాగుతుంది. చలికాలంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. పసిఫిక్ దారిలో తూర్పుకు వెళ్లే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది, అట్లాంటిక్ దారిలో పడమరకు వెళ్లేదాన్ని ఎదురొచ్చి నెమ్మదింపజేస్తుంది. అందుకే వెళ్లే గంటలూ తిరిగొచ్చే గంటలూ సాధారణంగా ఒకటి కావు.

భూమి తూర్పుకు తిరుగుతోంది కదా, పడమరకు వెళ్లేవారికి ఊరే ఎదురు రావద్దా అని కొందరి సందేహం. భూమితో పాటు వాతావరణమూ తిరుగుతుంది, విమానం ఆ వాతావరణంలోనే ఎగురుతుంది. కాబట్టి ఆ లాభం దక్కదు. దారి పెరిగితే ఇంధనం ఎక్కువ కాలదా అన్నది మరో ప్రశ్న. ఇంధనం ఖర్చు నేల మీది కిలోమీటర్ల కంటే గాలిలో గడిపిన గంటలను బట్టే ఎక్కువగా ఉంటుంది. రెండు గంటలు తగ్గితే ఇంధనమూ కలిసొస్తుంది.

అలాగని అంతా గాలి చేతిలోనే లేదు. 2022లో రష్యా తన గగనతలాన్ని యూరప్ సంస్థలకు మూసేశాక, తొమ్మిదిన్నర గంటల హెల్సింకి–టోక్యో ప్రయాణం పదమూడు గంటలకు చేరింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు దారి మూసేయడంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలో దిగాల్సి వచ్చింది. ఊళ్లు కదల్లేదు, వాటి మధ్య దూరమూ మారలేదు. కాబట్టి అమెరికాలోని పిల్లల దగ్గరికి బయల్దేరే తల్లిదండ్రులు టికెట్ కొనేటప్పుడు పాత అనుభవాన్నో మ్యాపులోని దూరాన్నో నమ్ముకోకూడదు. రానూపోనూ గంటలు విడివిడిగా చూసుకుని, మధ్యలో విమానం మారాల్సి ఉంటే ఆ వ్యవధి కాస్త ఎక్కువే ఉండేలా ఎంచుకోవాలి.