పాలకొల్లు మాండలిన్ నుంచి గ్రేట్‌ఫుల్ డెడ్ దాకా రెండే అడుగులు

ఇవాళ్టి ఎపిసోడ్ అమెరికన్ రాక్ బ్యాండ్ల చుట్టరికాల మీద.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డు మీద మర్రిచెట్లు చూసే ఉంటారు. కొమ్మ నుంచి ఊడ దిగి నేలను తాకుతుంది, కొన్నేళ్లకు అదే మాను అయిపోతుంది. ఈ బ్యాండ్ల కథ కూడా అచ్చం ఇట్లనే ఉంటది.

'హోటల్ కాలిఫోర్నియా' పాడిన ఈగల్స్‌నే తీసుకోండి. గ్లెన్ ఫ్రై, డాన్ హెన్లీ 1971లో లిండా రాన్‌స్టాట్ అనే సింగర్ వెనక వాయించేవాళ్లు. అక్కడే జత కుదిరి సొంత బ్యాండ్ పెట్టుకున్నారు. ఇంకో తమాషా ఏంటంటే, పోకో అనే బ్యాండ్ నుంచి ర్యాండీ మైస్నర్ వెళ్లిపోతే ఆ ప్లేస్‌లోకి టిమొతీ ష్మిట్ వచ్చాడు. 1977లో ఈగల్స్ నుంచి అదే మైస్నర్ వెళ్లిపోతే, మళ్లీ ఆయన ప్లేస్‌లోకి వచ్చింది ష్మిటే!

ఇప్పుడు సంటానా. 1973లో ఆ బ్యాండ్‌లోంచి బయటికొచ్చిన నీల్ షాన్, గ్రెగ్ రోలీ కలిసి జర్నీ మొదలుపెట్టారు. రీల్స్‌లో వినే 'డోంట్ స్టాప్ బిలీవిన్' ఆ జర్నీదే. అదే ఏడాది కార్లోస్ సంటానా ఇంగ్లండ్ గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ఒక ఆల్బమ్ చేశాడు.

ఇక్కడి నుంచే కథ మనవైపు తిరుగుతుంది. మెక్‌లాఫ్లిన్ తర్వాత జాకిర్ హుస్సేన్‌తో కలిసి శక్తి అనే బృందం పెట్టాడు. 1990ల చివర్లో అదే రిమెంబర్ శక్తిగా మళ్లీ మొదలైంది. అందులో మాండలిన్ వాయించింది ఎవరనుకున్నారు? మన ఉప్పలపు శ్రీనివాస్. పుట్టింది 1969లో, పాలకొల్లులో.

మాండలిన్‌కు మామూలుగా నాలుగు జతల తీగలుంటాయి. జంట తీగను లాగి గమకం పలికించడం కష్టం. పైగా శబ్దం ఇట్టే ఆరిపోతుంది. అందుకే ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. రాక్ గిటారిస్టులు 'బెండింగ్' అనే పని కూడా ఇట్లాంటిదే, తీగను లాగి స్వరాన్ని వంచడం. అందుకే మెక్‌లాఫ్లిన్ పక్కన ఆయన వాయిద్యం అంత సహజంగా ఇమిడిపోయింది. కర్ణాటక సంగీతం వేరు, రాక్ వేరు అని గిరిగీసేవాళ్లకు నేను వినిపించేది ఇదే.

ఇక టైటిల్‌లో చెప్పిన రెండడుగుల లెక్క. శ్రీనివాస్ పక్కన వాయించింది జాకిర్ హుస్సేన్, ఒక అడుగు. గ్రేట్‌ఫుల్ డెడ్ డ్రమ్మర్ మిక్కీ హార్ట్‌తో జాకిర్ 1976లోనే డిగా రిథమ్ బ్యాండ్ ఆల్బమ్ చేశాడు, రెండో అడుగు. అందులో జెర్రీ గార్సియా గిటార్ కూడా ఉంది.

నేను చూసిన రాక్ ఫ్యామిలీ చార్టులన్నీ సంటానా, జర్నీ దగ్గరే ఆగిపోయాయి. పాలకొల్లు కొమ్మ గీసినవాడు ఒక్కడూ కనపడలేదు.

శ్రీనివాస్ 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో చనిపోయారు. అప్పటికి ఆయనకు 45 ఏళ్లే. రిమెంబర్ శక్తి వాళ్ల 'ది బిలీవర్' ఆల్బమ్ 2000లో వచ్చింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, గిటార్ ఎక్కడ ఆగిందో మాండలిన్ ఎక్కడ అందుకుందో కామెంట్‌లో చెప్పండి.