రంగు ఒక్కటేనా మనల్ని అడిగేది?

"ఇంజను సంగతి, మైలేజీ సంగతి సార్‌కి చెప్పేశాను. రంగు మాత్రం మేడమ్ గారి ఇష్టం!" అంటూ షోరూం అబ్బాయి రంగుల అట్ట నా చేతిలో పెట్టాడు.

2025 దసరా ముందు మాట ఇది. పండగ దగ్గర పడితే మా మంచిర్యాలలో షోరూంల సందడి చూసి తీరాల్సిందే. సింగరేణి వారికి లాభాల వాటా అందే కాలం కదా! 2024లో లాభాల్లో 33 శాతం, 2025లో 34 శాతం కార్మికులకి ప్రకటించారు. ఆ డబ్బు ఒకరింట్లో పాత అప్పుకి పోతుంది, ఇంకొకరింట్లో బంగారమవుతుంది. మా ఇంట్లో ఈసారి కారుకి తొలి చెల్లింపు అయింది. పాత చిన్న కారు ఇచ్చేసి, కాస్త ఎత్తుగా ఉండే బండి తీసుకోవాలని అందరం అనుకున్నాం.

అందరం అన్నానే గానీ, అనుకున్నవి వేరు వేరు. మావారికి పొడవైన బండి కావాలి. మా అబ్బాయికి నల్లరంగు, పైకప్పులో తెరుచుకునే అద్దం కావాలి. ముప్పై రెండేళ్లు శ్రీరాంపూర్ గనుల్లో దిగి, ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మా మామయ్యకి ఏం కావాలో ఎవరూ అడగలేదు. నెలనెలా కరీంనగర్ డాక్టరు దగ్గరికి ఆ బండిలో వెళ్లాల్సింది ఆయనే! ఇక నన్ను అడిగింది రంగు ఒక్కటే. సరే, అక్కడి నుంచే మొదలుపెడదామనుకున్నాను.

రంగు చిన్న విషయమేం కాదు

బొగ్గు ఊళ్లలో కారుకి రెండు రకాల దుమ్ము. ఒకటి లారీల వెంట లేచే బొగ్గుపొడి, రెండోది బూడిద. వానాకాలం వస్తే ఈ రెండూ బురదై అంటుకుంటాయి. "తెల్లకారు మనకి పనికిరాదక్కా, రోజూ కడగలేక చస్తావు" అని పక్కింటామె ముందే చెప్పింది. నిజమే. మురికి కనిపించకుండా ఉండాలంటే బూడిదరంగు, వెండిరంగులను మించినవి లేవు.

నలుపు షోరూం దీపాల కింద మెరిసినంతగా మన వాకిట్లో మెరవదు. దుమ్ము ఇట్టే తెలుస్తుంది. పొడిగుడ్డతో తుడిచామా, ఆ పొడిలోని నలుసులు గీరి సన్నని గీతలు పడతాయి. నలుపు మీద ఆ గీతలు ఎండలో సాలెగూడులా కనపడతాయి. పైగా నలుపు వేడిని పీల్చుకుంటుంది, తెలుపు తిప్పికొడుతుంది. మే నెలలో నలభై అయిదు డిగ్రీలు చూసే ఊరు మనది. ఎండలో ఆపిన నల్లకారు తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టే.

అయితే బూడిదరంగే తీసుకుంటే పోలా? నేనూ అలాగే అనుకునేదాన్ని, ఆ సాయంత్రం దాకా.

కరీంనగర్ నుంచి తిరిగి వస్తున్నాం. పెద్దపల్లి దాటాం. మసక చీకటి. దుమ్ము కొట్టుకుపోయిన బూడిదరంగు కారొకటి వెనుక దీపం లేకుండా రోడ్డు వారగా ఆగి ఉంది. రోడ్డులో రోడ్డులా కలిసిపోయింది. మావారు చూసి బ్రేకు తొక్కేసరికి మధ్య దూరం రెండు గజాలు కూడా లేదు. మేం గుద్దుకోలేదు. కానీ వెనుక సీట్లో నిద్రపోతున్న అత్తమ్మ నుదురు ముందు సీటుకి తగిలి నాలుగు కుట్లు పడ్డాయి.

మురికిని దాచే రంగు కారునీ దాచేస్తుందని ఆ రోజు తెలిసింది. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం వారు ప్రమాదాల లెక్కలు తీసి 2007లో చెప్పింది కూడా ఇదే: తెల్లకార్లతో పోలిస్తే నలుపు, బూడిద, వెండి రంగు కార్లకి ప్రమాదం ముప్పు ఎక్కువ. తెల్లవారుజామున డ్యూటీలకి వెళ్లేవాళ్లు, చలికాలం మంచులో ప్రయాణించేవాళ్లు ఉన్న ఊరికి ఇది పట్టించుకోవలసిన మాట. అంచేత నా ఓటు తెలుపుకే. అందులోనూ ముత్యపు మెరుపున్న తెలుపు కాదు, మామూలు తెలుపు. గీత పడినా మళ్లీ రంగు కలపడం తేలిక. కడిగే శ్రమంటారా, ముందు నీళ్లు ధారగా పోసి దుమ్ము వదిలించి, తర్వాతే మెత్తటి గుడ్డ పెట్టాలి. పొడిగుడ్డ మాత్రం వద్దు.

లోపలి సీట్లకి ఈ లెక్క తిరగబడుతుంది. లేత గోధుమరంగు సీట్లు చూడ్డానికి బాగుంటాయి. పిల్లల బూట్లు, గుడి నుంచి వచ్చేటప్పటి పసుపుకుంకాలు తగిలాక రెండు నెలలు కూడా ఆగవు. లోపల ముదురురంగు గుడ్డ సీట్లే మేలు.

ఎక్కి దిగేవాళ్లని అడగండి

క్రాసోవర్ అంటే మరేం కాదు. చూడ్డానికి జీపులా ఎత్తుగా ఉంటుంది, నిర్మాణం మాత్రం కారుదే. బొలెరో, స్కార్పియోలను నిచ్చెనలాంటి ఇనుప చట్రం మీద బాడీ కూర్చోబెట్టి తయారుచేస్తారు. గట్టివే, కానీ కాలెత్తి ఎక్కాలి. చిన్న కార్లలోనేమో కిందికి కూలబడాలి. లేచేటప్పుడు మోకాళ్లు మొరాయిస్తాయి. నెక్సాన్, బ్రెజా, వెన్యూ, క్రెటా లాంటివి ఈ రెండింటికీ మధ్యరకం. సీటు ఇంచుమించు మన నడుము ఎత్తులో ఉంటుంది. పక్కకి తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి పెట్టుకుంటే చాలు. పెద్దవాళ్లున్న ఇంటికి ఈ బండ్లలోని అసలు సుఖం ఇదే.

కాగితం మీద చదివితే ఇది తెలియదు. రెండోసారి షోరూంకి మామయ్యని తీసుకెళ్లి, నాలుగు బండ్లలో ఒక్కోదాంట్లో రెండేసి సార్లు ఎక్కించి దింపాను. ఒకదాంట్లో తలుపు సగమే తెరుచుకుంది. ఇంకోదాంట్లో తల పైకప్పుకి తగిలింది. మిగిలినవి రెండు. పది పత్రికలు తిరగేసినా తేలనిది అరగంటలో తేలిపోయింది!

నేల నుంచి ఎత్తు ఎంతో కంపెనీలు చెబుతాయి. నెక్సాన్‌కి 208 మిల్లీమీటర్లు, బ్రెజాకి 198, క్రెటాకి 190. మన గుంతలకీ స్పీడు బ్రేకర్లకీ ఇవన్నీ సరిపోతాయి. ఈ తేడా దగ్గర తగువులాడుకోనక్కర్లేదు.

నాలుగు మీటర్ల మతలబు

బండి పొడవు నాలుగు మీటర్ల లోపుంటే పన్ను తక్కువన్న పద్ధతి మన దేశంలో 2006 నుంచీ ఉంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారాక తేడా మరీ స్పష్టమైంది. పొడవు నాలుగు మీటర్లు మించకుండా, ఇంజను పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకుండా ఉన్న కారుకి 18 శాతం. అది దాటితే 40 శాతం. క్రెటా పొడవు 4.3 మీటర్ల పైచిలుకు కనుక రెండో కోవలోకి వస్తుంది. బ్రెజా పొట్టిదే అయినా పెట్రోలు ఇంజను 1462 సీసీ కాబట్టి దానికీ 40 శాతమే. పొడవొక్కటి చూసి పన్ను తక్కువనుకుంటే పొరపాటే. సామాను చోటుకి మాత్రం పొడవు పనికొస్తుంది. క్రెటాకి 433 లీటర్లు, నెక్సాన్‌కి 382, బ్రెజాకి 328.

డీజిలు మాట కూడా ఒకటి చెప్పాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడూ దూరం పరుగెత్తాలి. బజారుకీ బడికీ మాత్రమే తిప్పితే మసి అడ్డుపడి సతాయిస్తుంది. మా తిరుగుడంతా ఊళ్లోనే ఎక్కువ. అంచేత పెట్రోలే అనుకున్నాం.

వెనుక సీటు మనదే

మన ఇళ్లలో వెనుక సీట్లో కూర్చునేదెవరు? మనం, పిల్లలు, పెద్దవాళ్లు. బెల్టు పెట్టుకోనిదీ మనమే. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలో కారు ప్రమాదంలో పోయారు. ఖరీదైన బెంజి కారది. వెనుక బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ మరణించారు. ముందున్న ఇద్దరూ గాయాలతో బతికారు. గాలిసంచులు ఎన్నున్నా, అవి బెల్టుకి తోడు మాత్రమే. బెల్టు బదులు కావు.

బండి ఎంత గట్టిదో తెలుసుకోవడానికి నక్షత్రాలు చూడండి. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో నెక్సాన్ అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. అప్పటి బ్రెజాకి నాలుగొచ్చాయి. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలయ్యాయి. 2024లో నెక్సాన్, ఎక్స్‌యూవీ త్రీఎక్స్‌వో అందులోనూ అయిదు సాధించాయి. పెద్దలకి వేరుగా, పిల్లలకి వేరుగా నక్షత్రాలిస్తారు. రెండూ అడగండి. పసిపిల్లలుంటే వాళ్ల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు వెనుక సీట్లో చూపించమనండి.

దుమ్ము బయటే ఉండాలి

ఏసీ గాలి ఒక జల్లెడ గుండా వస్తుంది. చాలా కార్లలో అది ఎడమ సీటు ముందుండే సొరుగు వెనకాల ఉంటుంది. మన ప్రాంతంలో సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ దాన్ని బయటికి తీయించి కళ్లతో చూడాలి. బొగ్గు లారీల వెనుక వెళ్లేటప్పుడు, కారు బొమ్మలో వంపు తిరిగిన బాణం గుర్తున్న మీట నొక్కితే బయటి గాలి రాదు, లోపలి గాలే తిరుగుతుంది. దుమ్ము దాటాక మళ్లీ తీసేయాలి. దూర ప్రయాణమంతా అలాగే ఉంచితే గాలి బరువై మగతగా ఉంటుంది. ఆయాసం ఉన్నవాళ్లకి ఈ మీట ఎంత పనికొస్తుందో మా మామయ్యని చూస్తే తెలుస్తుంది.

పైకప్పు అద్దం మాత్రం వద్దన్నాను. మా ఎండలకి అది తెరిచే రోజులెన్ని? పిల్లలు అందులోంచి తల బయటపెట్టి నిలబడడం చూస్తే గుండె జారిపోతుంది. ఆ డబ్బుతో వెనుకవాళ్లకి ఏసీ గాలి వచ్చే బండి చూద్దామన్నాను. అబ్బాయి రెండు రోజులు అలిగాడు. అలగనీ!

నేనూ నడిపి చూశాను

"టెస్ట్ డ్రైవు సార్ చేశారు కదా మేడమ్" అన్నాడు షోరూం అబ్బాయి. "నేనూ చేస్తానయ్యా" అన్నాను. సీటు పైకి లేపుకునే వీలుందా, బానెట్ అంచు కనిపిస్తోందా, చెప్పులున్న కాలు బ్రేకుకి సరిగ్గా అందుతోందా అన్నవి నా ఎత్తుకి నేనే చూసుకోవాలి. మావారు చూస్తే సరిపోదు. ఎత్తు మీద ఆగి కదిలేటప్పుడు వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ కొత్తగా నేర్చుకునేవారికి పెద్ద ధైర్యం.

షోరూంకి వెళ్లేముందు

* ఇంట్లో పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లండి. ఎక్కించి, దింపి చూడండి.
* రంగుల అట్ట కాదు, ఆ రంగు బండిని ఎండలోనూ, పొద్దుగూకాకా చూడండి.
* గాలిసంచులు ఎన్ని, ఏ రకం బండిలో ఎన్ని అని రాయించుకోండి.
* వెనుక సీట్లో మూడు బెల్టులూ లాగి, పెట్టి చూడండి.
* స్టెప్నీ టైరు ఉందో, పంక్చరు మందు సీసా ఇస్తారో అడగండి.
* బీమా, లైఫ్ ట్యాక్సు కలిపి చేతికొచ్చే ధర చెప్పమనండి.

చివరికి ఏ బండి కొన్నామో చెప్పను. మా ఇంటి లెక్క మీ ఇంటికి కుదరాలని లేదు. తెల్లది కొన్నాం, అంతే. అబ్బాయి నలుపు కోసం ఆఖరి దాకా పోరాడితే, తేల్చింది మామయ్యే. "నల్లది వద్దు బిడ్డా. ముప్పై రెండేండ్లు నలుపులనే తిరిగిన. ఇగ సాలు" అన్నారు.

అంతటి మనిషీ బెల్టు దగ్గర మొండికేశారు. "ఛాతీ మీద పడితె ఊపిరాడదు" అన్నారు. మధ్యలో కాకుండా కిటికీ పక్కన కూర్చోబెట్టి, పై పట్టీ మెడకి తగలకుండా భుజం మీదికి, కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి మీదికి సర్దాను. అయినా ముఖం చిట్లించారు.

"టోపీ పెట్టుకోకుండా ఏనాడైనా బాయి దిగారా మామయ్యా?" అని అడిగాను.

"ఓవర్‌మన్ దిగనిస్తడా?" అన్నారు.

"మరి ఈ బండికి ఓవర్‌మన్‌ని నేనే!"

ఆయన నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక తానే పట్టీ లాగి టక్కున పెట్టుకున్నారు. ఆ పక్కన అత్తమ్మ, నుదుటి మీది మచ్చ తడుముకుంటూ, అడగకుండానే తన బెల్టు కోసం వెతుక్కుంది.